పదిహేడు ఖాళీ ట్యూబులు

2018 జూలై 10, మంగళవారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ఆకాశమంతా మబ్బు, చినుకు మాత్రం లేదు. గాలి స్తంభించి, మందుల గది గోడకు వేలాడే ఉష్ణమాపకం ముప్పై మూడు డిగ్రీలు చూపిస్తున్నది. ఆ నిమిషానికి ఆళ్లగడ్డలోని మా ఆసుపత్రి మందుల కిటికీ ముందు పదకొండు మంది వరుసలో ఉన్నారు. మొదటి మనిషి ఒక శిల్పి. చేతిరుమాలులో చుట్టిన ఖాళీ ట్యూబును ఆయన కిటికీ బల్లపై పెట్టాడు. అది పదిహేడవది.

మందుల కిటికీ వెనుక కొత్తగా కూర్చోబోయే చిన్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను ముప్పై నాలుగేళ్లు ఫార్మసిస్టుగా పనిచేశాను. మనుషుల మాటలను నేను ఎక్కువగా నమ్మను, తేదీలను, అంకెలను నమ్ముతాను. ఈ స్వభావం నాకు మంచిపేరు తెచ్చింది. అది ఒక్కసారి నన్ను ఎంత గుడ్డివాణ్ణి చేసిందో చెప్పడమే ఇప్పుడు నా ఉద్దేశం.

మాది దాతల విరాళాలతో నడిచే పది పడకల ఆసుపత్రి. మందులు ఉచితం. అక్కడ ఇచ్చిన పూతమందులు బయటి దుకాణాలలో అమ్ముడవుతున్నాయని ఒకప్పుడు ఫిర్యాదు వచ్చింది. అప్పుడు నిర్వాహక సంఘం ఒక నియమం పెట్టింది. ఖాళీ ట్యూబు తెచ్చి ఇచ్చినవారికే కొత్త ట్యూబు. నేను ఖాళీ ట్యూబు మీది ముద్రను రిజిస్టరుతో సరిచూసి, దానిని డబ్బాలో వేసి, కొత్తది ఇవ్వాలి.

ఈ నియమానికి నేను ఒక మర్యాదను జోడించాను. గజ్జల్లో, మర్మాంగాల దగ్గర దురద, మచ్చలు ఉన్న మగవారు వరుసలో నిలబడి నోరు విప్పలేరు. ముందు నిలబడినది పొరుగింటి మనిషి కావచ్చు, వెనుక ఉన్నది కోడలి మేనత్త కావచ్చు. అందుచేత వారిని నేను ఏమీ అడిగేవాణ్ణి కాదు. వారు ఖాళీ ట్యూబును బల్లపై పెట్టేవారు. నేను కొత్త ట్యూబును పాత పత్రిక ముక్కలో చుట్టి చేతిలో పెట్టేవాణ్ణి. ఒకసారి గడియారం చూసి లెక్కించాను. పన్నెండు సెకండ్లు. ఆ పన్నెండు సెకండ్ల మౌనాన్ని నా సంస్కారానికి గుర్తుగా భావించి, చాలాకాలం లోలోపల గర్వపడ్డాను.

శిల్పి మొదటిసారి వచ్చింది 2017 జూన్ 6న. అదీ మంగళవారమే. నంద్యాల నుంచి చర్మవ్యాధుల వైద్యుడు మా ఆసుపత్రికి మంగళవారాలలోనే వచ్చేవాడు. ఆ రోజు ఆయన చూసినది ఎనభై ఆరు మందిని. శిల్పికి అప్పటికి నలభై ఆరేళ్లు. దేవతా విగ్రహాలు చెక్కే పని. రోజంతా రాతి దుమ్ములో, చెమటలో గొంతుక్కూర్చునే మనిషి. తొడల దగ్గర దురద అని చెప్పాడు. వైద్యుడు తొడ చూశాడు. అక్కడ నిజంగానే తామర మచ్చ ఉన్నది. చీటీ రాశాడు. శిల్పి చెప్పినది అబద్ధం కాదు, నిజానికి జానెడు దూరంలో ఆగిపోయిన మాట.

ఆ చీటీని నేను చదివి, మందిచ్చి, నా బల్ల మీది ఇనుప చువ్వకు గుచ్చాను. ఆ తరువాత ఆయనకు చీటీ అవసరం రాలేదు. ఖాళీ ట్యూబే ఆయన చీటీ అయింది.

మా ఆసుపత్రిలో కోయిలకుంట్ల నుంచి వచ్చే ఒక పెద్ద నర్సు ఉండేది. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆమె నోటికి వైద్యులు సైతం జంకేవారు. 2018 ఫిబ్రవరి 17, శనివారం. శిల్పి తొమ్మిదవ ట్యూబు తీసుకుని వెళ్తుండగా ఆమె మందుల గదిలో దూది కట్టలు లెక్కపెట్టుకుంటున్నది. అతడు గేటు దాటేదాకా చూసి నా వైపు తిరిగింది.

"ఏంది అన్నా, ఆ అప్పకు ట్యూబు మీద ట్యూబు ఇస్తాండావు? గోడకు సున్నం కొడతాండాడా ఏంది?"

"పాత కేసే సిస్టరమ్మా. ఖాళీది తెచ్చినాడు, కొత్తది ఇచ్చినా."

"పాత కేసయితే ఇన్నాళ్లకు తగ్గాల గదా? యాడ పూస్తాండాడో అడిగినావా?"

"మొగోళ్ల సంగతి. మర్యాదగా వచ్చి మర్యాదగా పోతాండాడు. మధ్యలో నీకెందుకు?"

"మర్యాద పూస్తే మానే రోగమైతే మంచిదే," అని దూది కట్టలు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె మాట నాకు కోపం తెప్పించింది. రిజిస్టరు తీసి చూసుకున్నాను. ఇచ్చినవి తొమ్మిది, వెనక్కి వచ్చిన ఖాళీలు ఎనిమిది, తొమ్మిదవది వాడుకలో ఉన్నది. లెక్క సరిపోయింది. లెక్క సరిపోతే నాకు మనసు కుదుటపడుతుంది. ఆ రోజూ కుదుటపడింది.

తరువాతి నాలుగున్నర నెలల గురించి చెప్పుకోదగినది ఏమీ లేదు. అదే ఇందులోని దోషం. శిల్పి వచ్చాడు, వెళ్లాడు. నేను పత్రిక ముక్కలు చించాను.

జూన్ 30న అర్ధసంవత్సరపు నిల్వ లెక్క పంపించాను. జూలై 6న సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా పూతమందు వాడకం ఎందుకు పెరిగింది, ఎవరెవరికి ఎన్ని ఇచ్చారో పేర్లవారీగా పంపండి అని. అంతవరకూ నా రిజిస్టరు తేదీల వరుసలో ఉండేది. అందులో ఏ రోజు ఎన్ని ట్యూబులు పోయాయో తెలుస్తుంది. ఒక మనిషి ఎన్ని తీసుకున్నాడో తెలియాలంటే పేజీలన్నీ వెనక్కి తిప్పాలి. జూలై 9, సోమవారం మధ్యాహ్నం కూర్చుని తిప్పాను. ఇరవై మూడు పేర్లు తేలాయి. అధికభాగం ఒకటి, రెండు. ఇద్దరికి నాలుగేసి. ఒక్కరికి పదిహేడు.

శిల్పి పేరు ఎదుట, ఒక ట్యూబుకూ మరొక ట్యూబుకూ మధ్య ఎన్ని రోజులో పెన్సిలుతో వేశాను. నలభై రెండు. ముప్పై ఎనిమిది. ముప్పై ఐదు. ముప్పై మూడు. ముప్పై. ఇరవై ఎనిమిది. ఇరవై ఆరు. ఇరవై నాలుగు. ఇరవై మూడు. పంతొమ్మిది. పంతొమ్మిది. పద్దెనిమిది. పద్నాలుగు. పద్నాలుగు. పద్నాలుగు. పదకొండు.

ఒక్క అంకె అయినా ముందుదానిని మించలేదు. అంకెలను నమ్మే మనిషికి అంకెలు అంతకంటె స్పష్టంగా మాట్లాడవు. అయినా అవి చెప్పినది నేను వినలేదు. ఇక్కడ సిగ్గు విడిచి ఒక నిజం చెప్పాలి. ఆ వరుస చూడగానే నా మనసులో పుట్టిన అనుమానం రోగం గురించి కాదు, దొంగతనం గురించి. ఈ మనిషి నన్ను మోసం చేసి ట్యూబులోని మందును బయట అమ్ముకుంటున్నాడు అనుకున్నాను. పేరు చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను.

మరునాడు, మొదట చెప్పిన ఆ తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, ఆయనే ఎదుటికి వచ్చాడు. అంతకుముందు ట్యూబు తీసుకుని మళ్లీ పదకొండు రోజులు. చేతిరుమాలు విప్పి చూశాను. ట్యూబును అడుగున కత్తితో చీల్చి, రెండు రేకులుగా విప్పి, లోపలి మందును గోకి తీసి ఉన్నది. అమ్ముకునేవాడు ట్యూబును అలా చీల్చడు. ఆ మాత్రం ఆలోచన కూడా నాకు అప్పుడు రాలేదు. వరుసలోని మిగిలినవారిని ఆగమని, ఆయనను మందుల గది లోపలికి పిలిచాను.

ఆయన గుమ్మం దాటబోతూ రెండుసార్లు ఆగాడు. కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నాడు. కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

"అప్పా, నిజం చెప్పు. ఈ ట్యూబులు యాడ అమ్ముతాండావు?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. పదమూడు నెలలలో మేము ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకోవడం అదే మొదలు.

"ఏందీ? అమ్ముతాండానా?"

"ఇప్పటికి పదిహేడు. తొడకు పదకొండు రోజులకు ఒక ట్యూబు పట్టదు. నాకు లెక్క తెలుసు."

"లెక్క తెలుసా సార్ మీకు?"

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"మా నాయన దేవుని బొమ్మలు చెక్కినాడు. నేను దేవుని బొమ్మలు చెక్కుతాండా. ఈ చేత్తో ఒకరి సొమ్ము ముట్టలే. తలుపెయ్యండి సార్."

తలుపు వేశాను. ఆయన గోడ వైపు ఒకసారి తిరిగి, మళ్లీ నా వైపు తిరిగి, పంచె తొలగించాడు.

నేను చూసినది మూడు సెకండ్లకు మించదు. లింగం చివర చర్మం తెల్లగా, అట్టలాగా గట్టిపడి బిగుసుకుపోయి ఉన్నది. దాని అంచున ఎర్రని, మానని పుండు. కుడి గజ్జలో ఉసిరికాయంత గడ్డ. ఆయన కట్టుకున్న గుడ్డకు రసి అంటి ఉన్నది. వాసన తెలియకుండా విభూతి పూసుకున్నాడు.

"ఎప్పటినుంచి అప్పా?"

"మీరు మొదటి ట్యూబు ఇచ్చినప్పటికే ఉండె. మొదుట ఎర్ర మచ్చ, కందిగింజంత. నొప్పి లే, ఏం లే. తర్వాత తోలు తెల్లగా అయ్యి, ఎనక్కి రాకుండా బిగుసుకపాయ. ఈ మందు పూస్తే రెండు దినాలు చల్లగుంటాది. మళ్లీ మొదులు."

"మరి డాక్టరుకు ఎందుకు చూపియ్యలే?"

"ఎట్ల చూపిస్తా సార్? ఈడ చూపిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తాది. ఆ రోగం అంటారు. యాడ్నో తిరిగొచ్చినాడంటారు. ఆ రోగమొచ్చినోడు చెక్కిన దేవున్ని ఎవురు మొక్కుతారు?" పంచె సర్దుకుంటూ అన్నాడు. "నా పెండ్లానికి గూడా తెలీదు. దేవుని పనిలో ఉండా, నిష్ఠ అని చెప్పి పనికొట్టంలోనే పండుకుంటాండా."

విగ్రహం పూర్తయ్యాక చివరి పని కళ్లు చెక్కడం. దానిని వారు కళ్లు తెరిపించడం అంటారు. ఆ పనికి కూర్చునే ముందు శిల్పులు కొన్ని రోజులు ఉపవాసంతో, భార్యకు దూరంగా ఉంటారు. ఆ ఆచారం చాటున ఆయన పదమూడు నెలలు దాగాడు. నా మర్యాద చాటున కూడా దాగాడు. రెండు గోడల మధ్య రోగం నిశ్చింతగా పెరిగింది.

పదకొండు గంటలకు నంద్యాల వైద్యుడు వచ్చాడు. తెర వెనుక ఆరు నిమిషాలు పరీక్షించాడు. బయటికి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ఆ తరువాత నా గదికి వచ్చి, మొదటి రోజు చీటీ ఉన్నదా అని అడిగాడు. ఇనుప చువ్వ మీద పదమూడు నెలల కింది పొరలోంచి దానిని లాగాను. మధ్యలో రంధ్రం పడింది కానీ అక్షరాలు చెడలేదు. పలచగా, రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు. తగ్గకపోతే మళ్లీ చూపించాలి.

మళ్లీ చూపించాలి అనే రెండు మాటలనూ నేను ఆనాడు చదివాను. ఆ చీటీ చదివిన మనిషి ఆసుపత్రిలో నేనొక్కణ్ణే.

"ఇది దురదను, ఎరుపును అణిచిపెట్టే మందు," అన్నాడు వైద్యుడు. "పైకి చల్లగా ఉంటుంది. లోపల జరిగేదాన్ని ఆపదు, కప్పిపెడుతుంది. ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ పేరు పెట్టలేను. కానీ ఆ గడ్డ నాకు నచ్చలేదు."

"మీరు మొదటి రోజు చూశారు కదా?" అన్నాను. తప్పును ఇంకొకరి మీదికి కొంచెమైనా జరుపుదామని మనిషికి ఎప్పుడూ ఉంటుంది.

"తొడ చూశాను. పంచె ఇంకొక జానెడు జరపమని అడగలేదు. బయట ఇంకా నలభై మంది ఉన్నారు ఆ రోజు." ఆయన చీటీని మడిచి నా చేతిలో పెట్టాడు. "నేను ఒక్కసారి అడగలేదు. మీరు?"

ఆ సాయంత్రం పెద్ద నర్సు నా బల్ల మీద టీ గ్లాసు పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆమె నోరు మూసుకోగా నేను చూసిన రోజు అదొక్కటే.

జూలై 12, గురువారం ఉదయం ఆరు గంటల యాభై నిమిషాల బస్సులో ఆయనను నేనే నంద్యాల తీసుకుపోయాను. రాత్రి కొంచెం వాన పడి రోడ్డు తడిగా ఉన్నది. బస్సు సగం ఖాళీ. ఆయన సీటు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. గుంత వచ్చిన ప్రతిసారీ ముందు సీటు కడ్డీని పట్టుకునేవాడు. ఆ వేళ్ల చివర్లు రాతి పొడితో తెల్లగా ఉన్నాయి.

ఆయనే మాట మొదలుపెట్టాడు. "రాయి కొనేటప్పుడు మేము ఏం జేస్తామో తెలుసునా సార్? సుత్తితో తట్టి చూస్తాం. ఖంగుమంటే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్ల. పైకి ఎంత నున్నగున్నా దాన్ని ముట్టం. దేవుడైనాక పగిలితే పాపం గదా."

"అవును."

"మనిషికి అట్ల తట్టి చూసే ఉపాయం లేదు చూడు."

ఉన్నది. నలభై రెండు, ముప్పై ఎనిమిది, ముప్పై ఐదు. ఆ చప్పుడు నా రిజిస్టరులో పదమూడు నెలలుగా పలుకుతున్నది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

"సార్, ఒక మాట. నన్ను దొంగ అన్న్యారు గదా."

"తప్పయిపోయింది అప్పా."

"అదిగాదు. అట్ల అనకపోయింటే నేను చూపించేవాణ్ణి కాదు. ఇంగొక ట్యూబు తీస్కోని పోతాంటి." ఆయన నవ్వాడు. "పోయిన యేడే అనింటే బాగుండు."

నంద్యాలలో ముక్క తీశారు. ఫలితం జూలై 21న వచ్చింది. చర్మపు క్యాన్సరు, గజ్జలోని గడ్డకు పాకింది. చర్మవైద్యుడు ఆయనను ఎదుట కూర్చోబెట్టి ఒక్కొక్క మాట చెప్పాడు. ఇది ఎవరి నడతకూ సాక్ష్యం కాదు. తాకితే అంటదు. నువ్వు చెక్కిన విగ్రహానికి అంటదు. ఇలాంటి ఎర్ర మచ్చలు, తెల్ల మచ్చలు, బిగుసుకునే చర్మం నూరు కారణాల వల్ల వస్తాయి. ఎక్కువమందిలో అవి క్యాన్సరు కానే కావు. తామర కావచ్చు, చక్కెర జబ్బు వల్ల వచ్చే మంట కావచ్చు, చర్మం తనంతట తాను తెల్లబడి బిగుసుకునే వ్యాధి కావచ్చు. కానీ మూడు నాలుగు వారాల మందుకు తగ్గని మచ్చను, మానని పుండును, గట్టిపడే చర్మాన్ని చూపించి తీరాలి. కంటితో చూసి తేలకపోతే ముక్క తీసి చూడాలి.

శిల్పి అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆ రోగం కాదా సార్?"

"కాదు."

"అట్లయితే ఇంట్లో చెప్పొచ్చు," అన్నాడు. ఆయన ముఖంలో నాకు ఆ క్షణం కనిపించినది ఊరట. క్యాన్సరు అని విని ఊరట చెందిన మనిషిని నా సర్వీసులో అంతకుముందు చూడలేదు.

ఆగస్టు 9న కర్నూలులో శస్త్రచికిత్స జరిగింది. అవయవాన్ని పూర్తిగా తీసివేయవలసి వచ్చింది. తరువాత గజ్జల్లో రెండవది. నవంబరులో ఇంటికి వచ్చాడు. విషయం ఊరిలో దాగలేదు. డిసెంబరులో ఉయ్యాలవాడ వైపు నుంచి, ముందే విగ్రహం పని అప్పగించిన గ్రామస్థులు ఐదుగురు వచ్చారు. పని వెనక్కి తీసుకుంటారేమో అని ఇంటిల్లిపాదీ భయపడ్డారు. నేను ఆ రోజు నొప్పి మాత్రలు ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

వారిలో పెద్దాయన మంచం పక్కన కూర్చుని అన్నాడు. "మిగతాది నీ తమ్ముడు చెక్కనీ. కండ్లు మాత్రం నువ్వే తెరిపియ్యాల. ఇంగొకడు తెరిపిస్తే మేము తీస్కపోము."

"నా ఒళ్లు ఎట్లుందో తెలుసు గదా అన్నా?"

"తెలుసు లేప్పా. ఒళ్లు ఎవురిది బాగుంది? నా మోకాళ్లు చూడు, ఎక్కినోణ్ణి దిగలేను. బేగ లెయ్."

అందరూ నవ్వారు. శిల్పి నవ్వుతూనే ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఏ భయంతో పదమూడు నెలలు నోరు మూసుకున్నాడో, ఆ భయం ఆ గదిలో రెండు నిమిషాలైనా నిలవలేదు. రెండు దిండ్ల మీద కూర్చుని, ఇద్దరు పట్టుకోగా, జనవరిలో ఆ విగ్రహానికి కళ్లు తెరిపించాడు. అదే చివరి పని.

2019 మార్చి 14, గురువారం, తెల్లవారుజామున ఆయన మరణించాడు.

మార్చి 25, సోమవారం. ఆయన భార్య మందుల కిటికీ వరుసలో నిలబడింది. వంతు రాగానే కొంగుముడి విప్పి, నొప్పి మాత్రల ఖాళీ అట్టలు బల్ల మీద పేర్చింది. ఇరవై రెండు అట్టలు.

"ఇవి ఎందుకమ్మా తెచ్చినావు?"

"ఖాళీవి తిరిగి ఇయ్యాల గదా సార్. ఆయప్ప చెప్తాండె. ఇయ్యకపోతే మీకు లెక్క తప్పుతాదంట."

ఆ నియమం ట్యూబులకే, అట్టలకు లేదు. ఆ సంగతి చెప్పలేదు. అట్టలు తీసుకున్నాను. ఆమె కదలలేదు.

"సార్, ఆయప్ప ఈడికి ఎన్నాళ్లు వచ్చినాడు ఆ మందుకు?"

"పదమూడు నెలలమ్మా."

"పదమూడు నెల్లు నిష్ఠ అన్న్యాడు నాకు. ఏ దేవునికి సార్ పదమూడు నెల్లు నిష్ఠ? నేను ఇంగేదో అనుకుంటి. మాట్లాడ్డం గూడా మానేస్తి." ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "మీకు చెప్పినాడా?"

"చెప్పలేదు."

"మీరు అడిగినారా?"

వరుసలో ఆమె వెనుక తొమ్మిది మంది ఉన్నారు. "లేదమ్మా," అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆమె నన్ను నిందించి ఉంటే జవాబుగా చెప్పడానికి నా దగ్గర నియమం ఉన్నది, మర్యాద ఉన్నది, సరిపోయిన లెక్క ఉన్నది. ఆమె నిందించలేదు.

ఆ ముందు ఏడాది జూలైలోనే సంఘానికి రాసి నియమాన్ని మార్పించాను. చర్మానికి వాడే పూతమందు మూడవ ట్యూబుకు వస్తే, ఖాళీ ట్యూబు చాలదు, మనిషి వైద్యుడికి చూపించుకోవాలి. దానికి తలుపు ఉన్న గది ఒకటి కేటాయించాము. రిజిస్టరును మనిషికొక పేజీగా తిరగరాశాను. మగవారిని ఆ గదిలోకి పిలిచి అడగడం నేర్చుకున్నాను. మొదట్లో నాలుక తడబడేది. పెద్ద నర్సు నేర్పింది. "చుట్టూ తిప్పి అడగొద్దన్నా. యాడుంది, ఎన్నాళ్లయింది, మానిందా, మూడే మాటలు. నువ్వు సిగ్గుపడితే వాడు సచ్చిపోతాడు," అన్నది. ఆమె అన్న చివరి మాటను నేను అక్షరార్థంలోనే తీసుకున్నాను.

2021 మే 31న పదవీ విరమణ చేసేనాటికి ఆ గదిలో అడిగి వైద్యుడి దగ్గరికి పంపినవారు నలభై ఒక్కరు. ముప్పై తొమ్మిది మందికి మామూలు జబ్బులే. మందు మార్చగా తగ్గాయి. ఇద్దరికి ముక్క పరీక్ష అవసరమైంది, ముందోలు తీసే చిన్న శస్త్రచికిత్సతో సరిపోయింది. ఆ ఇద్దరూ బతికి ఉన్నారు. ఒకాయన నంద్యాల మార్కెట్టులో ఎదురైతే ఇప్పటికీ నా వైపు చూడకుండా తప్పుకుంటాడు. అది నాకు సంతోషమే.

ఉద్యోగం వదిలే ముందు నంద్యాల వైద్యుణ్ణి ఒక ప్రశ్న అడిగాను. 2018 ఫిబ్రవరి 17న, నర్సు చెప్పిన రోజే, శిల్పిని మీ దగ్గరికి పంపి ఉంటే?

ఆయన నెలలు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "గజ్జలో గడ్డ అప్పటికి ఉండకపోవచ్చు. చిన్న ఆపరేషనుతో బయటపడేవాడేమో."

ఏమో అన్నది అంకె కాదు. దానిని ఏ గడిలోనూ రాయలేను, కూడలేను, తీసివేయలేను. అందుచేత రాయగలిగినది మాత్రమే రాసి ముగిస్తాను. శిల్పికి ఇచ్చిన ట్యూబులు పదిహేడు. తిరిగి వచ్చిన ఖాళీలు పదిహేడు. తేడా లేదు. మొదటి ట్యూబు నుంచి ఆయన తలుపు వేయమన్న రోజు వరకు మూడు వందల తొంభై తొమ్మిది రోజులు. అందులో, ఒక మనిషి నాకు స్పష్టంగా చెప్పిన తరువాత కూడా నేను అడగకుండా గడిపినవి నూట నలభై మూడు.